ఎర్రదీపం వరుస

ఆసుపత్రి ఎర్రదీపం గదిలోంచి ఇవాళా అందరికంటే ముందు నొయెమియానే బయటికొచ్చింది. వట్టికాళ్లతో.

దల్వీన కడుపు రగిలింది.

ఇక్కడికొచ్చేవాళ్లందరికీ కీమో మందు క్యాన్సర్‌తో పాటు కాళ్లూచేతుల నరాలనూ కాల్చేసింది. ఆ దీపం కింద కూర్చుంటే కొందరికి స్పర్శ మెల్లగా తిరిగొస్తోంది. రోజుకు పదిమందికే చోటు. చీకటితోనే వచ్చినవాళ్లు గేటు దగ్గర టోపీయో, రాయో, చెప్పో వరుసలో పెట్టి జీడిమామిడి నీడన కూర్చుంటారు. కాపలా ఎవాల్దో ఆ వస్తువుల లెక్కనే లోపలికి పంపుతాడు.

దల్వీనది సముద్రపొడ్డున లేసు అల్లే ఊరు. బస్సు దిగేసరికి ఎండెక్కుతుంది. మొదటి రోజు చోటు దొరక్క ఏడుస్తూ వెనక్కిపోయింది. ఆ తర్వాత చివరి చోటు ఎలాగో మిగులుతూనే ఉంది.

అంతా సంత్ ఫ్రాన్సిస్కో దయ అనుకుంది.

"చూడవే నెవుజా, ఎలా తిరుగుతోందో! కాళ్లకు నేల తెలుస్తోందని మనకు చూపించడానికే."

"డాక్టరు చుట్టమేమో," అంది పక్కనున్న నెవుజా.

"కాకపోతే రోజూ మొదటి చోటేంటి? నాకేమో లేసు దారం నిలవడానికి దిండులో గుచ్చే జెముడు ముల్లు వేల్లో దిగినా తెలీదు. లేసు మీద నెత్తురు చూసి తెలుసుకుంటున్నా."

నొయెమియా దగ్గరికొచ్చి నవ్వింది.

"వేళ్లెలా ఉన్నాయమ్మా?"

"నీ కాళ్లంత బాగా లేవులే."

నొయెమియా నేలను చూసుకుంటూ నడిచి గేటు పక్కన కూర్చుంది. చివరి మనిషి లోపలికెళ్లేదాకా అక్కడే ఉంటుంది.

"కాపలా ఎవాల్దోదా, ఈవిడదా?" దల్వీన మూతి తిప్పింది.

ఓ సోమవారం, లేసు దిండులో ముల్లు గుచ్చబోతే వేలు చురుక్కుమంది.

"అబ్బా!" అని అరిచి, నవ్వి, ఏడ్చింది.

ముల్లు వెంట తెచ్చుకుంది. నొయెమియా కళ్లముందే గుచ్చుకుని చూపించాలి.

గేటు దగ్గర ఎవాల్దో ఆపాడు.

"చోటు లేదు దల్వీనమ్మా."

"నా చివరి చోటేమైంది?"

"నొయెమియా శనివారం పోయింది. జబ్బు తిరగబెట్టింది."

దల్వీనలో పాత మంటే ముందు మాట్లాడింది.

"ఆవిడ లేకపోతే ఒక చోటు మిగలాలి కదా!"

ఎవాల్దో కాపలా గది కిటికీ మీంచి అరిగిన రబ్బరు చెప్పుల జత తీశాడు.

"ఆవిడ కాళ్లకు స్పర్శ రానేలేదమ్మా. నువ్వు ఏడుస్తూ బస్సెక్కిన రోజు చూసింది. అప్పట్నుంచీ కుడి చెప్పు వరుస మొదట్లో పెట్టేది, తనకి. ఎడమది చివర్లో, నీకు."