బాగున్నానన్న పెట్టె

"బిడ్డను చూసిపోదామని వచ్చాను," అన్నాడు ముసలాయన.

అలా అన్నాడనే మెర్లిండా అనుకుంది. నోటికి గుడ్డ, మాటకు పక్కదీవి యాస. ఆ రెండింటినీ దాటుకుని వచ్చేసరికి ఏ మాటైనా సగం అరిగే చేరుతుంది.

ఆ దీవి ఆరోగ్యకేంద్రానికి నర్సూ ఆమే, ఇన్‌ఛార్జీ ఆమే. వేకువన పుట్టిన నెలతక్కువ పాపను పది గంటల పోటుకు పడవెక్కించి పట్నం ఆసుపత్రికి చేర్చాలి. రెండున్నర గంటల సముద్రం. దారిలో ఒళ్లు చల్లబడితే పాప దక్కదు.

అందుకే వెచ్చబెట్టే గాజుపెట్టె ఒకటుంది. పాప తల్లి గుండెల మీద, పెట్టె ఖాళీగా పక్కన.

బిడ్డ మాట చెవిన పడగానే పాప అమ్మమ్మ, లోలా పసింగ్, లేచి నిలబడింది. కొత్తవాడి చూపు పసికందుకు తగిలితే ఏమవుతుందో ఆ దీవిలో పిల్లినడిగినా చెబుతుంది. చూస్తే చూశాడు గానీ, ముందు బొటనవేలు ఉమ్మితో తడిపి పాప అరికాలికి రాయాల్సిందేనంది. ఉమ్మి వల్ల రోగాలొస్తాయని మెర్లిండా అడ్డుపడింది. దిష్టికీ శుభ్రతకూ మధ్య తగువు ముదిరింది.

ఆ సందులో ముసలాయన పాప వైపు చూడనైనా చూడకుండా నేరుగా పెట్టె దగ్గరికి నడిచాడు.

"పొద్దున పరీక్ష చేశావా అమ్మా?"

చేయకేం? మీట నొక్కితే పెట్టె తనను తానే పరీక్షించుకుంటుంది. ప్రశ్నలు తనవే, జవాబులు తనవే, దిద్దే పంతులూ తనే. ఏడుసార్లు కూసి పచ్చదీపం వెలిగిస్తుంది. నాలుగేళ్లలో ఆమె ఒక్కరోజూ తప్పలేదు. పెట్టె ఒక్కసారీ తప్పలేదు.

"పచ్చదీపం వచ్చింది, తాతా. అంతా బాగుంది."

ఆయన వంగి గోడకున్న ప్లగ్గు పీకేశాడు.

లోలా పసింగ్ కాలిజోడు గాల్లోకి లేచి ఆయన భుజం మీద వాలింది. మెర్లిండా మోచెయ్యి పట్టుకుని ఆయన్ను గుమ్మందాకా నడిపించింది. ఎవరు నువ్వు, ఎవరు పంపారు, మతి ఉండే చేశావా అని వరసగా అడిగింది. ఆయన చేతిగడియారం చూసుకుంటూ నిలబడ్డాడు.

లోపల పెట్టె ఒక్కసారి మూలిగింది. దీపాలన్నీ ఆరిపోయాయి.

"నాలుగు నిమిషాలు," అన్నాడు మెల్లగా.

మెర్లిండా వెనక్కి పరుగెత్తింది. కేంద్రానికి ఇన్‌ఛార్జి ఉంది. పెట్టె బ్యాటరీలోనే ఛార్జి లేదు. గోడను అంటిపెట్టుకున్నంతసేపూ అత్తారింటి అల్లుడిలా దర్జా ఒలకబోసిన పెట్టె అది. సొంతకాళ్ల మీద నిలబడగలవా అని ఆ పచ్చదీపం పరీక్ష ఏనాడూ అడిగింది కాదు.

ఆమె ప్లగ్గు మళ్లీ గోడకు గుచ్చింది. ప్లగ్గు పీకకపోయుంటే ఆ నాలుగు నిమిషాలూ సముద్రం మీద గడిచేవి.

మళ్లీ గుమ్మంలోకి వచ్చేసరికి ముసలాయన లేడు. రేవులో పక్కదీవి లాంచీ కూత వేసి కదిలిపోయింది.

పడవ నడిపే బెర్తింగ్ లోపలికొచ్చాడు. చేతిలో రెండు క్లిప్పులున్న తీగ, ఒక కాగితం.

"ఆ ముసలాయన ఇమ్మన్నాడు. నా పడవ దీపాల బ్యాటరీ నుంచి పెట్టెకు కలపాలట. పెట్టె వెనకాల ఎర్రమూత ఉంటుందట కదా?"

ఉంది. నాలుగేళ్లుగా తుడుస్తున్నా ఆమె ఆ మూత ఎన్నడూ తీయలేదు. కాగితంలో బొమ్మ గీసి ఉంది. వెనకవైపు దీవుల పేర్లు, కొన్నిటికి టిక్కులు.

దారి పొడవునా మెర్లిండా అరచెయ్యి గాజుమీదే ఉంది. గాజు చివరిదాకా వెచ్చగానే ఉంది. పట్నం డాక్టరు పాప అరికాలు తడిమి, తన చేతులకంటే ఇదే వెచ్చగా ఉందన్నాడు. ఆ మాటతో లోలా పసింగ్ రెండురోజులకని కట్టుకున్న సుమన్ అనే జిగురన్నం పొట్లాలన్నీ విప్పి, అరటాకు తప్ప ఏమీ మిగల్చలేదు.

ఆసుపత్రిలో యంత్రాలు బాగుచేసేవాడు ఆ కాగితం చూడగానే నవ్వాడు. పోయిన నెల ఆ ముసలాయన ఇక్కడా ప్లగ్గు పీకాడనీ, తామూ కాపలావాడితో గెంటించామనీ చెప్పాడు. తర్వాత నవ్వడం మానేసి, మిగతాది చెప్పాడు.

మర్నాడు రేవులో దీవంతా చేరి ఉంది. పాప బతికిందని విని ఊపిరి పీల్చుకున్నారు. దిష్టి తగలలేదా అని ఎవరో అడిగారు.

ఆయన వచ్చింది బిడ్డ కోసం కాదని మెర్లిండా అందరికీ చెప్పింది. ఆయనన్నది "పెట్టెను చూసిపోదామని" అట. తన చెవే దాన్ని బిడ్డను చేసిందట.

లోలా పసింగ్ కాలిజోడు వైపు చూసుకుంది.

"ఒక్క పెట్టె కోసం అంత సముద్రం దాటి వచ్చాడా? ఆ పెట్టె ఆయనకేమవుతుందే?"

"ఫ్యాక్టరీలో దానికి 'బాగున్నాను' అని చెప్పడం నేర్పింది ఆయనే, లోలా."