అణువంత వణుకు

“అయ్యయ్యో, మళ్ళీ వణికింది!” శిష్యురాలు నెత్తి కొట్టుకుంది.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు తెర మీద అప్పటిదాకా బుద్ధిగా వరసలో నిలబడ్డ అణువులన్నీ జల్లెడలో బియ్యంలా ఊగిపోయాయి.

“కొలత గీత మీద గుట్ట లేవడం, వెంటనే వణుకు. పొద్దుట్నించీ ఇది మూడోసారి అన్నా!”

“లిఫ్టు ఆపించాను, నీళ్ళ మోటారు ఆపించాను. ఇంక మిగిలింది మన ఊపిరే చెల్లెమ్మా, అదీ ఆపమంటావా?” అన్నాడు ఆపరేటరు.

ఆమెకి నవ్వొచ్చింది గానీ, చూపు మళ్ళీ తెర మీదికే పోయింది. అణువులు నిలబడ్డట్టు కనిపిస్తాయే తప్ప ఎప్పుడూ సన్నగా కంపిస్తూనే ఉంటాయి. ఈ పదార్థంలో ఒక రకం అణువు మాత్రం నలుగురితో కలవకుండా తన పాటికి తాను ఊగుతుందని పన్నెండేళ్ళ కిందటే మాస్టారు కంప్యూటర్లో లెక్కగట్టారు. అది నిజమైతే కొలత గీత మీద ఒకచోట చిన్న గుట్ట లేవాలి. ఎక్కడ లేవాలో మాత్రం ఆమెకి చెప్పలేదు.

“తెలిస్తే నీ కళ్ళు దాన్నే వెతుక్కుంటాయమ్మాయ్. నువ్వు కొలుస్తూ ఉండు, ఆ గీత పై గదిలో నా తెర మీదికీ వస్తుంది. నా లెక్కతో కలిసిందో లేదో నేను చూసుకుంటా” అని ముందే చెప్పేశారు.

మైక్రోస్కోపు వాళ్ళకి ఈ మధ్యాహ్నం వరకే. మళ్ళీ ఏడాదికి గానీ దొరకదు. మాస్టారేమో నెలాఖరుకి రిటైరవుతున్నారు.

“ఈ గుట్ట అసలుదేనా, వణుకు పుట్టించిన దొంగ గుట్టా?” అందామె దిగులుగా.

“ఏం చెప్పను! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, అణువు కనికరించినా నేల కనికరించట్లేదు.”

ఆమె పై గదికి ఫోన్ చేసింది. “మాస్టారూ, పైన ఎవరైనా బీరువాలు జరుపుతున్నారా?”

“ఇక్కడ... నేనొక్కణ్ణే... అమ్మాయ్.”

“అదేంటి, అంత ఆయాసం?”

“లిఫ్టు ఆపేశారుగా... మెట్లు! ఇంకొక్కసారి... కొలిచి పంపు.”

“పాపం, ఈ వయసులో!” అన్నాడు ఆపరేటరు.

మాస్టారు నవ్వగా చూసినవాళ్ళు ఆ భవనంలో ఒక్కరూ లేరు. ‘మీ అడుగు చప్పుడు అణువుకి భూకంపం’ అని నడవాలో బోర్డు పెట్టించింది ఆయనే. ఆయన దగ్గర గట్టిగా దగ్గినా తప్పే. అలాంటి మనిషిని చివరికి ఉత్తచేతులతో సాగనంపాలా? ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

నాలుగోసారి మొదలుపెట్టారు. గీత సాగింది. అదే చోట గుట్ట లేచింది.

“కదలకు తల్లీ, కదలకు...” అని నేలని బతిమాలిందామె.

అణువులు ఊగిపోయాయి.

“నువ్విక్కడే ఉండన్నా. ఆ వణికించేదెవరో ఇవాళ తేల్చేస్తా!”

చెప్పులు విడిచి, పిల్లిలా మెట్లెక్కింది. మాస్టారి గది బయట ఆయన బూట్లు పొందికగా పెట్టి ఉన్నాయి. తలుపు మెల్లగా తోసింది. ఎదురుగా తెర మీద పన్నెండేళ్ళ కిందటి ఆయన లెక్క తాలూకు ఎర్రగీత, దాని గుట్ట మీద అతికించినట్టు ఆమె నాలుగు గుట్టలూ కనిపించాయి.

ఆ తెర ముందు మాస్టారు ఎగిరెగిరి గంతులేస్తున్నారు.