తిన్నని వేళ్లు

"ముందు పేషెంటు కాదు. నీ చెయ్యి చాపు," అన్నాడు ఎగ్జామినర్.

దెబ్బతిన్నవాళ్లకు తమ పనులు తాము చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ చదివే ఆ అమ్మాయికి పై ప్రాణాలు పైనే పోయాయి. పోయినసారి తప్పింది ఈ వైవాలోనే. చదివినదంతా బుర్రలోనే ఉంటుంది, ఎవరైనా అడిగేసరికి నోరు పెగలదు. పైగా ఈయనకు కోపం ముక్కు మీదే ఉంటుందని బయట వరండాలో అందరూ చెప్పుకున్నారు.

"సార్, నా కేసు ముందు చూడండి సార్. చాలా బాగా వచ్చింది," అంది బతిమాలుతున్నట్టు.

"వచ్చిందో లేదో నేను చెప్తాగా. చాపు."

ఆమె కిటికీ వైపు చూసింది. అక్కడ చక్రాల కుర్చీలో బాబాయి కూర్చుని ఉన్నాడు. సొంత బాబాయేం కాదు, ఆమె పేషెంటు. గోడలకు రంగులు వేసే మనిషి, పరంజా మీద నుంచి పడి మెడ విరగ్గొట్టుకున్నాడు. కాళ్లు రావు, వేళ్లలో బలం లేదు. మణికట్లు మాత్రం పైకి లేస్తాయి. రేపు ఇంటికి వెళ్లిపోతున్నాడు. 'నా ముద్ద నేను తింటే చాలు తల్లీ' అన్నది ఒక్కటే అతని కోరిక. అలా తినేటట్టు చేసే పంపిస్తానని ఆమె మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టుకోవాలి, పరీక్షా గట్టెక్కాలి.

బాబాయి ఆమెకు ధైర్యం చెప్తున్నట్టు తలాడించాడు. ఆమె చెయ్యి చాపింది.

"వేళ్లు వదులుగా వదిలెయ్. మణికట్టు కిందికి వాల్చు. ఇప్పుడు పైకెత్తు. ఏమైంది?"

"వేళ్లు ముడుచుకున్నాయి సార్."

"నువ్వు ముడిచావా?"

"లేదు సార్. వాటంతటవే."

"వాటికేం పుట్టింది?"

ఎగ్జామినర్ గడియారం చూసుకున్నాడు. అంతే, ఆ కంగారులోనే ఎక్కడో కట్ట తెగినట్టు మాటలు వచ్చేశాయి.

"వేళ్లను ముడిచే టెండన్లు తాళ్లలా మణికట్టు మీదుగా వెళ్తాయి సార్. మణికట్టు వెనక్కి లేవడానికీ, వేళ్లు తిన్నగా ఉండడానికీ ఒకేసారి ఆ తాళ్ల పొడవు చాలదు. మణికట్టు వెనక్కి లేస్తే అవి బిగుసుకుని వేళ్లను లోపలికి లాగేస్తాయి."

"దానివల్ల ఎవరికి ఉపయోగం?"

"వేళ్లలో బలం పోయి, మణికట్టు మాత్రం లేచేవాళ్లకి సార్. మణికట్టు ఎత్తితే చాలు, వేళ్లు మూసుకుని పట్టు దొరుకుతుంది. ఆ బిగువు పోకుండా కాపాడాలి."

"ఊఁ," అని ఆయన మార్కులు వేశాడు. ఆయన నోట ఊఁ అనిపించడమంటే మాటలు కాదు. ఆ అమ్మాయికి ఏనుగెక్కినంత సంబరమైంది.

"సరే, ఇప్పుడు పద, ఆ గొప్ప కేసేదో చూపించు."

ఆమె గబగబా వెళ్లి బాబాయి కుర్చీని బల్ల దగ్గరికి తోసింది. అతని కుడిచేతిని ఎత్తి బల్ల మీద పెట్టింది. అరచెయ్యి ఇస్త్రీ చేసిన గుడ్డలా చదునుగా పరుచుకుంది. ఒక్క వేలు కూడా వంగలేదు.

"నా దగ్గరికి వచ్చినప్పుడు ఈ వేళ్లు గుప్పిటలా ముడుచుకుపోయి ఉండేవి సార్. మణికట్టునీ వేళ్లనీ కలిపి వెనక్కి వంచి రోజూ సాగదీశాను. మాకు నేర్పే మేడమ్ ఒకపూట చెయ్యమంటే నేను రెండు పూటలా చేశాను. చూడండి, ఎంత తిన్నగా వచ్చాయో!"

"మా అమ్మాయి ఒక్కరోజు కూడా మానలేదండీ," అన్నాడు బాబాయి, తనే పరీక్ష రాస్తున్నంత గర్వంగా.

ఎగ్జామినర్ పక్కనే ట్రేలో ఉన్న చెంచా తీసి బాబాయి అరచేతిలో పెట్టాడు.

"మణికట్టు ఎత్తండి."

బాబాయి ఎత్తాడు. మణికట్టు చక్కగా లేచింది. వేళ్లు లేవలేదు, ముడుచుకోలేదు, బల్ల మీద ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. చెంచా జారి నేల మీద పడింది.

"ఇంకోసారి," అంటూ ఎగ్జామినర్ చెంచా తీసి మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది. ఈసారి ఆయన వంగలేదు. తలెత్తి ఆ అమ్మాయి వైపు చూశాడు.

ఇంతకుముందు తను గడగడా అప్పజెప్పిన జవాబు ఎవరి గురించో ఆమెకు అప్పుడు అర్థమైంది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. కుర్చీ వెనక కడ్డీ పట్టుకుని నిలబడింది. బాబాయి ఆ మొహం చూసి, పాపం తన వల్ల ఈ పిల్ల పరీక్ష పోతుందేమోనని బెంబేలెత్తిపోయాడు.

"ఆ పిల్లనేం అనకండి సార్, తప్పు నాదే," అన్నాడు. "ఇక్కడికొచ్చిన కొత్తలో గ్లాసు నేనే పట్టుకుని తాగేవాణ్ణి, వేళ్లు తిన్నగా అయ్యేకొద్దీ జారిపోతుంటే, బాగయ్యేటప్పుడు ఇలాగే ఉంటుంది కాబోలని నేనే చెప్పలేదు."