తొమ్మిది తలుపులు

"ఇంటింటికీ మన పార్టీ" అని అచ్చువేసిన రెండొందల స్టిక్కర్లు పొద్దున ఇస్తే, సాయంత్రానికి కట్ట విప్పకుండానే తెచ్చి బల్ల మీద పెట్టి, తొమ్మిది ఇళ్లకి వెళ్లొచ్చానంది, కుట్టుపని చేసుకునే కార్యకర్త.

వార్డు ఇన్‌చార్జి మండిపడ్డాడు. "రోజంతా తిరిగి తొమ్మిది ఇళ్లేనా? తలుపుకి అంటించు, ఫొటో తియ్యి, పక్కింటికి పో అని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పా కదమ్మా!"

"తలుపు తీసి కూర్చోమన్నారు బాబాయ్, కూర్చున్నా. పార్టీని కడిగి పారేశారు. నోరు మూసుకుని విన్నా. వచ్చేటప్పుడు మళ్లీ రమ్మన్నారు."

"నిన్ను పంపింది వినడానికా? పోయినసారి ఒక్కరోజులో మూడొందల తలుపులకి అంటించా నేను. ఈ కుర్చీ ఊరికే రాలేదు."

"తెలుసు. మా తలుపుకీ అంటించారు."

"మరి! అది చూసే కదా పార్టీలో చేరావు?"

"అది చూసే చేరాను. ఆ రోజు మా అమ్మకి ఊపిరాడటం లేదు. ఆసుపత్రికి ఎవరు తోడొస్తారా అని చూస్తున్నా. గుమ్మంలో అలికిడైంది. పరుగెత్తుకొచ్చి తలుపు తీస్తే, స్టిక్కర్ వెనక కాగితం గడప మీద పడుంది. మీరు లేరు."

కట్టను ఆయన వైపు నెట్టింది.

"ఇవి మీరే ఉంచుకోండి. రేపు పదో తలుపు తడతాను."