ఏడో తరగతి ఒడియా

మా అమ్మాయి హైమ గోడకు అంటించుకున్న కాగితంలో మొదటి లక్ష్యం, ఇరవై ఆరేళ్లకల్లా ఛత్రపూర్ కలెక్టరాఫీసులో ఉద్యోగం. దానికోసమే మూడేళ్లు చదివింది. మొన్న దరఖాస్తు నింపుతూ ఒకచోట ఆగిపోయింది. ఒడిశా సర్కారు ఉద్యోగానికి ఏడో తరగతి స్థాయిలోనైనా ఒడియా పాసై ఉండాలట.

బరంపురంలో పుట్టి, బజారంతా ఒడియాలోనే బేరమాడే పిల్ల బడిలో మాత్రం తెలుగే చదివింది.

"ఒడియా ఒద్దని బడిలో రాసిచ్చిందెవులమ్మా?" అని అడిగింది.

నేను పొయ్యి వైపు తిరిగాను.

"నానే," అన్నారు మా ఆయన. "తెలుగు మరిసిపోతావేమోనని."

"నీకేటి నాన్నా, ఎప్పుడో రైల్వేలో సేరిపోయావు! నానిప్పుడు ఆ పరీక్ష రాసి పాసయ్యేసరికి ఈ గడువు ఎల్లిపోద్ది," అంటూ హైమ గోడ మీది కాగితం చింపేసింది. అప్పటినుంచి ఆయనతో మాటల్లేవు.

ఈ ఉదయం ఆయన్ని అడిగాను, అలా ఎందుకు చెప్పారని.

"నాతో మాటాడకపోతే దానికేటి? నీతో మానేస్తే ఇంక దానికెవులున్నారు?" అన్నారాయన.

ఒడియా పెట్టిద్దామని ఆ రోజు బడి గుమ్మం దాకా బతిమాలింది ఆయన. వినకుండా సంతకం పెట్టింది నేను.

ఇవాళైనా చెప్పేద్దామని హైమ దగ్గరకెళ్లాను. నన్ను చూడగానే అంది:

"నువ్వయినా ఆ రోజు నాన్నకి అడ్డు సెప్పకపోయావా అమ్మా?"

"నా మాట ఆయనెప్పుడిన్నారే?" అనేశాను.