రేకుపెట్టెలో ఒక ఉత్తరం

యుద్ధంలో మా రవాణా విమానదళానిది ఒక పద్ధతి. విమానం ఎక్కేముందు ప్రతివాడూ ఇంటికి ఉత్తరం రాసి నా రేకుపెట్టెలో వేసేవాడు. తిరిగొస్తే తనే చింపేసేవాడు. రాకపోతే నేను పోస్టు చెయ్యాలి.

ఎన్నో చేశాను. "జిగురు దండగ, రేపొచ్చి చింపేస్తాగా!" అని కవరు అంటించకుండానే నవ్వుతూ వెళ్లిన పైలట్ ఉత్తరం పోస్టు చెయ్యడానికి మాత్రం చేతులు రాలేదు. అతని విమానం ఆచూకీ దొరకలేదు.

మా పద్ధతి కొడుకు ఆమెకు ముందే చెప్పాడట. యుద్ధం ముగిశాక అతని తల్లి నెలనెలా మా ఆఫీసుకొచ్చేది.

"మావాడి ఉత్తరం రాలేదు బాబూ. అంటే బతికున్నట్టేగా?"

"అంతేనమ్మా," అనేవాణ్ణి. మూడేళ్లూ అదే మాట.

ఇవాళ గోడ తడుముకుంటూ వచ్చింది. ఆ ప్రశ్న అడగలేదు.

"ఇక ఇచ్చెయ్ నాయనా," అంది. "చూపు పోతోంది. ఇంకొన్నాళ్లయితే చదువుకోలేను."