ఔన్సు కూడా బరువే

"రెండు ఔన్సులు తగ్గించాను ఆర్డిస్!" అని గరాజులోంచి కేకేశాడు వెర్లిన్, లాటరీ తగిలినవాడిలా.

సీటు కింది రేకుకు చిల్లులు పొడిచాడు మరి. తొమ్మిదేళ్ళుగా ఇదే తంతు. పెట్టెల్లో వచ్చిన ముక్కలను అతికించి, ఒక్క మనిషి ఎగిరే విమానం కడుతున్నాడు. తేలిగ్గా ఉంటేనే గాల్లోకి లేస్తుందని డిజైన్ చేసినాయన నొక్కి చెప్పాడు. అందుకని వెర్లిన్ నట్టు తూస్తాడు, బోల్టు తూస్తాడు, చివరికి రంగు కూడా తూచి పూస్తాడు.

ఆర్డిస్ మంచి ఇల్లాలు. భోజనాల బల్ల మీద విమానం రెక్క పెట్టినా ఒక్క మాట అనలేదు. పైగా రోజూ సాయంత్రం వెన్న కారే దాల్చినచెక్క రొట్టెలు, పక్కన ఇంత చీజు ముక్క పట్టుకొచ్చేది.

"తిను వెర్న్. ఒంట్లో సత్తువ ఉండద్దూ?"

"నువ్వూ తినరాదూ?"

"నాకెందుకులే. కష్టపడేది నువ్వు."

"ఇలాంటి పెళ్ళాం దొరకాలంటే పెట్టి పుట్టాలిరా" అనేవాడు పక్క పొలం గోర్డీ, రెండో రొట్టె అందుకుంటూ.

చివరికి ఆ రోజు వచ్చింది. గోర్డీ పచ్చికబయల్లో సగం ఊరు చేరింది. వెర్లిన్‌కి కాళ్ళు నేల మీద నిలవడం లేదు. విమానం నడపడం ఎప్పుడో నేర్చుకున్నాడు. తన చేత్తో కట్టినదాన్ని తనే ఎగరేయాలన్నది చిన్నప్పటి కోరిక.

తనిఖీకి వచ్చిన అధికారి కాగితాలు తిరగేసి, వెర్లిన్ పొట్ట వైపు చూశాడు.

"పైలట్ బరువు నూట అరవై ఎనిమిది పౌండ్లని రాశారు. ఎప్పటి మాటండీ ఇది?"

"కట్టడం మొదలుపెట్టినప్పుడు..."

"ఓసారి తూద్దామా?"

దూడలను తూచే కాటా తెచ్చారు. ముల్లు రెండు వందల ముప్పై ఒకటి దగ్గర ఆగింది. ఆ విమానం మోసేది నూట తొంభై.

అన్నీ తూచిన పెద్దమనిషి తనను మాత్రం తూచుకోలేదు! వెర్లిన్ గడ్డిలో చతికిలబడ్డాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పాపం, నవ్వొచ్చినా ఎవరూ నవ్వలేదు.

"లైసెన్సు ఉన్న బక్కపలచని మనిషి ఎవరైనా ఉన్నారా?" అని అధికారి జనాన్ని అడిగాడు.

గోర్డీ తన పొట్ట నిమురుకుని తల దించుకున్నాడు.

"పోనీలే వెర్న్, బాధపడకు" అంటూ ఆర్డిస్ మొగుడి భుజం తట్టి, చేతిసంచీ తెరిచి, ఎనిమిదేళ్ళ కిందట పుచ్చుకున్న తన పైలట్ లైసెన్సు తీసి అధికారి చేతిలో పెట్టింది.